కళ్ళు మూసుకుని వెళ్ళిన దారి

డెన్వర్‌ స్టేషన్లో రైలు కాసేపు ఆగుతుందని చెప్పగానే, రాత్రంతా కుర్చీల్లో ముడుచుకుని పడుకున్న ప్రయాణికులు ఒళ్ళు విరుచుకుంటూ ప్లాట్‌ఫారం మీదికి దిగారు. కొండల మీదినుంచి వచ్చే పొద్దుటి గాలి చల్లగా ఉంది. నా పక్కన నిలబడిన ఒక ముసలాయన జేబులోంచి తోలుసంచి తీసి, పల్చటి కాగితంలో పొగాకు పోసి, బొటనవేలితో అదిమి, నాలుక కొసతో అంచు తడిపి, చూస్తూ ఉండగానే సిగరెట్టు చుట్టేశాడు. సంచి మూతి విప్పినప్పుడు వచ్చిన వాసనకు నేను ఉలిక్కిపడ్డాను. అన్ని సముద్రాలు దాటి వచ్చి, పేరు కూడా సరిగా పలకడం రాని కొండల ముందు నిలబడితే, ఆ వాసన నన్ను తీసుకుపోయి రాయికల్‌ పక్కన మా పల్లెలో, మా అమ్మ ఒడిలోని చాట ముందు కూర్చోబెట్టింది.

మా ఇంట్లో పొగాకు వాసన పట్టనిది ఏదీ లేదు. అన్నానికీ బొంతకూ నా జడ రిబ్బన్లకూ బడి పుస్తకాలకూ ఆ వాసనే. పుస్తకం తెరిస్తే పాఠం కంటే ముందు పొగాకు పలకరించేది. అమ్మ బీడీలు చేసేది. సాయంత్రం తునికాకును నీళ్ళు చల్లి తడి గోనెపట్టాలో చుట్టిపెట్టేది. తెల్లవారాక రేకుముక్కను ఆకు మీద ఆనించి, దాని కొలతకు కత్తెరతో కోసేది. మధ్యాహ్నానికి మా వాడ ఆడవాళ్ళంతా ఎవరి చాట వాళ్ళు పట్టుకుని రేకుల పందిరి కింద చేరితే, వేళ్ళు వాటి పని అవి చేసుకుపోతుండగా నోళ్ళు ఊరి సంగతులన్నీ చుట్టేవి. వానకాలం ఆకుకు బూజు పట్టకుండా పొయ్యి దగ్గర ఆరబెట్టడం, ఎండకాలం ఆకు పెళుసుబారి విరగకుండా గంట గంటకూ తడపడం, చలికాలం ఎండ జరిగినకొద్దీ చాటతో సహా జరగడం, ఇవే మాకు తెలిసిన రుతువులు. పిల్లలం బీడీల మూతులు ముడిచేవాళ్ళం. ఆ పని నుంచి తప్పించుకుంటే కచ్చకాయలు, మగపిల్లలు ఒప్పుకుంటే కర్రాబిళ్ళలాంటి చిర్రగోనె. సంక్రాంతి వచ్చిందంటే అవే వేళ్ళతో అమ్మ సకినాలు చుట్టేది. తడిపిన బియ్యప్పిండిలో ఓమ, నువ్వులు కలిపి, తెల్లగుడ్డ మీద పిండిని సన్నటి దారంలా జారవిడుస్తూ, ఒక చుట్టులో మరో చుట్టు, దానిలో ఇంకో చుట్టు తిప్పుతుంటే, ఏడాది పొడుగునా బీడీ దారం తిప్పిన చెయ్యికి పండుగపూట దొరికిన విశ్రాంతి అదేనేమో అనిపించేది.

వేసవి సెలవుల్లో సిరిసిల్లలో ఉండే మా పెద్దమ్మ ఇంటికి పోయేవాళ్ళం. అది నా బాల్యంలోని ఏకైక మహాయాత్ర. రాయికల్‌ నుంచి జగిత్యాల, అక్కడ బస్సు మారి, కొండగట్టు, బోయినపల్లి, వేములవాడల మీదుగా సిరిసిల్ల. బయలుదేరే ముందు అమ్మ నా తలకు నూనె రాసి, బిగించి రెండు జడలు వేసి, ఆ జడలను పట్టుకునే ఒక పాఠం చెప్పించుకునేది.

“ఎవలన్న ఏ ఊరని అడిగితె ఏం చెప్తవ్‌?”

“ఊరు పేరు చెప్త.”

“ఎవలోల్లు మీరు అని అడిగితె?”

“కండ్లు మూసుకొని పండుకుంట.”

“ఆఁ. పిల్ల నిద్రవొయిందని నేను చెప్త.”

“మరి నిన్ను అడిగితె?”

“నాకు కడుపుల తిప్పుతున్నదని కిటికి దిక్కు తిరుగుత.”

“నాకు నిద్ర రాకపోతె ఎట్లనే?”

“రాకున్నా రావాలె.”

ఎవలోల్లు అంటే ఏ కులం వాళ్ళు అని. ఆ ప్రశ్న బస్సులో ఎప్పుడో ఒకప్పుడు వచ్చి తీరేది. ప్రశ్న వేసేవాళ్ళు చెడ్డవాళ్ళేమీ కారు. నా బుగ్గ గిల్లి, జామకాయ ముక్క చేతిలో పెట్టి, మా బడి సంగతి అడిగి, ఆ వరుసలోనే దాన్నీ అడిగేవాళ్ళు. జవాబు తెలిసిన తర్వాత మాత్రం మా వైపున్న సద్దిగిన్నె మెల్లగా అటువైపుకు మారేది, చీరకొంగు దగ్గరికి జరిగేది, జామకాయ మళ్ళీ రాకపోయేది. ఇవన్నీ నేను చాలా ఏళ్ళ తర్వాత అర్థం చేసుకున్న సంగతులు. అప్పుడు నాకు తెలిసింది ఒక్కటే: బస్సెక్కితే నిద్రపోవాలి. ప్రశ్న ఎప్పుడొస్తుందో తెలియదు గనుక, పక్కన ఎవరైనా కూర్చోగానే ముందు జాగ్రత్తగా కళ్ళు మూసుకునేదాన్ని.

అందుచేత ఆ దారిని నేను చూడలేదు. విన్నాను, వాసన చూశాను. జగిత్యాల బస్టాండంటే నాకు మిర్చిబజ్జీల నూనె వాసన, పల్లీల బండి మీద గరిట మోత, కండక్టరు బస్సు ఒంటి మీద అరచేత్తో కొట్టే దెబ్బ. ఊరు దాటగానే ఇంజను గొంతు మారేది. కొబ్బరి పీచు, కర్పూరం, చెప్పులు చేతబట్టుకుని దిగేవాళ్ళ హడావుడి, కోతులకు భయపడిన పిల్లల కేకలు వినిపిస్తే కొండగట్టు వచ్చినట్టు. తడిమట్టి చల్లదనం మొహానికి తగిలి, దూరంగా మోటారు నీళ్ళు దబదబా పడుతున్న చప్పుడు వినపడితే బోయినపల్లి పొలాలు. బెల్లం, కోడెల పేడ, గుడిగంటలు కలగలిస్తే వేములవాడ. చివరికి, వాన మొదలైనట్టు ముందు సన్నగా, తర్వాత నాలుగు దిక్కులనుంచీ, టకటకా టకటకా మరమగ్గాల మోత. అప్పుడు అమ్మ నా భుజం తట్టేది. “లే బిడ్డ, అచ్చినం.”

సిరిసిల్లలో మరమగ్గాలను సాంచాలంటారు. పెద్దమ్మ ఇంటికి అటూ ఇటూ సాంచాల షెడ్లే. పెదనాయన పని నుంచి వస్తే కనుబొమల మీద దూది నలుసులు తెల్లగా అంటుకుని, వయసుకు మించిన ముసలివాడిలా కనిపించేవాడు. ఆ వాడలో పసిపిల్లలు ఆ మోతలోనే నిద్రపోయేవాళ్ళు. కరెంటు పోయి సాంచాలు ఆగిపోతే ఉలిక్కిపడి లేచి ఏడ్చేవాళ్ళు. గంజి పట్టించిన నూలు వాసన, పెద్దమ్మ ఉడకబెట్టే శనగగుడాల వాసన, చెమట వాసన కలిసిన ఆ ఇరుకు గల్లీలో నేను కళ్ళు తెరుచుకుని తిరిగేదాన్ని. ఎందుకంటే అక్కడ ఎవరూ ఏమీ అడిగేవాళ్ళు కారు; అడిగినా ఆ మోతలో వినపడేది కాదు.

నాలుగో తరగతిలో ఉండగా నా స్నేహితురాలి పుట్టినరోజు జరిగింది. వాళ్ళది ఊళ్ళో భూములున్న ఇల్లు. పిల్లలందరినీ వసారాలో వరసగా కూర్చోబెట్టి స్టీలు కంచాల్లో బగారన్నం వడ్డించారు. నా ముందు మాత్రం వెండిరంగు తగరం అద్దిన కాగితం కంచం పెట్టారు. అంచు చుట్టూ పూల అచ్చు, మధ్యలో నా మొహం మసగ్గా కనిపించేంత మెరుపు. అందరి కంచాలూ ఎవరో ఒకరు తిని కడిగినవే, నాది మాత్రం ఎవరూ ముట్టని కొత్తది. క్లాసులో ఫస్టు వస్తాను గనుక నన్ను ప్రత్యేకంగా గౌరవించారని అనుకున్నాను. తిన్న తర్వాత అందరి కంచాలూ ఎత్తి లోపలికి తీసుకుపోయారు. నాది నన్నే తీసుకుపొమ్మన్నారు. ఆ ఆనందం ఇప్పటికీ గుర్తుంది. బోరింగు దగ్గర కడిగి, గౌనుతో తుడిచి, గుండెకు ఆనించుకుని ఇంటికి పరిగెత్తాను.

“అమ్మా, నాకు ఒక్కదానికే ఇచ్చిండ్రు!”

అమ్మ చాట పక్కన పెట్టి ఆ కంచాన్ని చేతిలోకి తీసుకుంది. ఇటు తిప్పింది, అటు తిప్పింది. పందిరి కింద ఆడవాళ్ళు మాటలు ఆపేశారు.

“మంచిగున్నది బిడ్డ,” అంది అమ్మ. “దాసుకో.”

దాచుకున్నాను. వానలు వచ్చి దాని అంచులు ఉబ్బి విచ్చిపోయేదాకా అది నా బొమ్మల ఇంట్లో పెళ్ళిపందిరి అయింది, చెరువయింది, అద్దమయింది.

అసలు సంగతి నాకు తెలిసింది జగిత్యాలలో, డిగ్రీ కాలేజీ వేదిక మీద. వాదనకు ఇచ్చిన విషయం కులవివక్ష గతించిపోయిందా అని. నాకు ఎదురుపక్షంలో మాట్లాడిన అబ్బాయి చురుకైనవాడు. హోటళ్ళలో వేరు గ్లాసుల కాలం పోయిందనీ, ఇప్పుడు అంతటా కాగితం గ్లాసులూ కాగితం కంచాలూ వచ్చాయనీ, వాటికి ఎవరి కులమూ తెలియదనీ అన్నాడు. సభ చప్పట్లు కొట్టింది. ఖండించడానికి లేచి, “అందరికీ కాగితం కంచమే పెడితే మీ వాదన నిజమే,” అని మొదలుపెట్టాను. అక్కడే ఆగిపోయాను. నా కళ్ళ ముందు వసారా, వరస, స్టీలు కంచాలు, వాటి మధ్య తళతళలాడే ఒకే ఒక్క కంచం. పదేళ్ళపాటు నాకు జరిగిన సన్మానం అనుకున్నది ఏమిటో ఆ క్షణంలో అర్థమైంది. ఎదురుగా ఉన్నవాళ్ళు నేను పాయింటు మరిచిపోయాననుకున్నారు. గంట మోగింది. ఆ పోటీ ఓడిపోయాను. ఓటమికి కాదు, ఆ రోజు పందిరి కింద మాటలు ఆపేసిన ఆడవాళ్ళందరికీ తెలిసి నాకొక్కదానికే తెలియలేదన్న దానికి దిగ్భ్రమ చెందాను. అప్పుడే నాకు నేను ఒక నియమం పెట్టుకున్నాను: ఆ ప్రశ్న ఎవరు అడిగినా, ఎక్కడ అడిగినా, కళ్ళు మూసుకోను. జవాబు చెప్తాను.

ఆ తర్వాత ఆ ప్రశ్నను నన్నెవరూ ముఖాముఖి అడగలేదు. చదువుకున్నవాళ్ళు ఇంటిపేరు అడిగి ఊరుకుంటారు. నియమం పెట్టుకోవడమే తప్ప పాటించే అవసరం రాలేదు.

ఈ ఏడు, వాదనా పోటీల్లో గెలిచిన కొందరు విద్యార్థులతోపాటు నన్నూ కొన్ని వారాలకు అమెరికా తీసుకువెళ్ళారు. కార్యక్రమం అయ్యాక మిగిలిన రోజుల్లో మిగతావాళ్ళు బంధువుల ఇళ్ళకు వెళ్ళారు. నాకక్కడ బంధువులెవరూ లేరు. తూర్పు తీరం నుంచి పడమటి తీరం దాకా రైల్లోనే పోయి, దారిలో నగరాలను కాలినడకన చూడాలని నిశ్చయించుకున్నాను. ఏనాడూ చూడని ఆ దేశం గురించి నేను ఇరుపక్షాలా వాదించి బహుమతులు తెచ్చుకున్నదాన్ని; ఒక్కసారైనా దాన్ని కిటికీలోంచి, రెండు కళ్ళూ తెరుచుకుని చూడాలి కదా.

చూసిన ప్రతిదీ నన్ను నివ్వెరపరచింది. న్యూయార్కులో భూగర్భ రైల్లో, పని నుంచి ఇంటికి పోతున్న ఒక నడివయసు స్త్రీ నిద్రలో తూగి నా భుజం మీద తల వాల్చింది. ఎవరి భుజమో ఆమె చూడలేదు; దిగవలసిన చోటు రాగానే లేచి, చిన్నగా నవ్వి వెళ్ళిపోయింది. ఆమె తల తగిలినంతసేపూ నేను బిగుసుకుని కూర్చున్నాను, బరువుకు కాదు. వాషింగ్టన్‌లో ఒక మ్యూజియంలో, ఒకప్పుడు నల్లవాళ్ళు కూర్చుంటే వడ్డించని హోటలు బల్లనూ దాని ముందటి కుర్చీలనూ తెచ్చి, దీపాలు పెట్టి, ఊరందరికీ చూపిస్తున్నారు. ఒక జాతి తన సిగ్గును ఇట్లా కడిగి, తుడిచి, అద్దాల మధ్య నిలబెట్టడం నేను ఊహించలేదు. మనం పెడితే ఏ వస్తువులు పెట్టాలి, వాటిని ఇవ్వడానికి ఎవరు ముందుకొస్తారు అని ఆలోచిస్తూ అక్కడే చాలాసేపు నిలబడిపోయాను. చికాగోలో సముద్రమే అనుకున్న సరస్సు వెంట నడిచి నడిచి ఒక వంతెన కిందికి వస్తే, ఆకాశాన్ని తాకే భవనాల నీడలో వరసగా చిరిగిన గుడారాలు, వాటి ముందు చలికి వణుకుతున్న మనుషులు. భుజాన ఖరీదైన సంచులు వేసుకున్నవాళ్ళు వాళ్ళను దాటి పోతున్నారు, రాయిని దాటి పోయినట్టు. అభివృద్ధి అనే మాటను నేను ఎన్ని వేదికల మీద ఎంత సులువుగా వాడానో తలుచుకుంటే ఒళ్ళు జలదరించింది.

డెన్వర్‌ దాటాక రైలు కొండల్లోకి ఎక్కింది. పైకప్పు దాకా అద్దాలున్న పెట్టె ఒకటి ఉంటుంది. ప్రయాణికులు ఎవరైనా వచ్చి అక్కడ కూర్చుని చూడవచ్చు. ఎర్రటి రాతిగోడల మధ్య నది ఒకటి మా వెంటే వంకలు తిరుగుతూ వస్తోంది. ఒక మలుపులో లోయ ఒక్కసారిగా కాళ్ళ కిందికి వచ్చినప్పుడు, “అవ్వో!” అని నోరు జారింది.

వెనకనుంచి ఒక గొంతు ఎగిరిపడింది. “ఎవలమ్మా తెలుగోల్లు?”

ఆయన కోరుట్లలో పనిచేసి రిటైరైన ఉపాధ్యాయుడు. పక్కన ఆయన భార్య. బంధువుల పెండ్లికి వచ్చి, పనిలో పనిగా దేశం చూద్దామని రైలెక్కారట. మాది రాయికల్‌ దగ్గర అనగానే ఆయన మొహం వెలిగిపోయింది.

“రాయికలా! అంటె మన పక్కింటోల్లే! సూడు,” అన్నాడు భార్యతో, “గింత దూరమచ్చి మన పిల్ల దొరికింది.”

“పిల్లను జర లోయ సూడనియ్యుండ్రి,” అంది ఆమె. “ఈయనకు ఏ కొండ దాటినా ముచ్చట దాటది బిడ్డ.”

వారాలుగా నా భాష నా చెవిన పడలేదు. ‘గిట్ల’, ‘గట్ల’, ‘మస్తు’ అన్న ఒక్కొక్క మాట వినపడుతుంటే ఎండిన నాలుక మీద నీళ్ళు పడ్డట్టుంది. గూడ్సు బండికి దారి ఇవ్వడానికి మా రైలు కొండల నడుమ ఆగిపోతే, “మనుషులను ఆపి బొగ్గును పంపుడేంది బిడ్డా, దీనికన్న మన పెద్దపల్లి ప్యాసింజరు నయం!” అని సారు అంటే, ముగ్గురం పక్కవాళ్ళు తిరిగి చూసేలా నవ్వాం. నేను సంచిలోంచి అమ్మ ఇచ్చిన సకినాల డబ్బా తీశాను. ఇన్ని వారాలూ విరగకుండా దాచుకున్నవి.

“అరె వా,” అన్నాడు సారు, ఒకటి విరిచి నోట్లో వేసుకుని కళ్ళు మూసి. “గిది మా అమ్మ చేతి సకినం లెక్కనే ఉన్నది. సత్తెం.” మళ్ళీ చెయ్యి పెట్టాడు. మళ్ళీ పెట్టాడు. ఆయన భార్య ఒకటి తీసుకుని, వెలుతురుకెత్తి చుట్లు పరిశీలించి తింది. రాత్రి భోజనానికి ముగ్గురం కలిసి పోదామని సారే అన్నాడు. శాన్‌ఫ్రాన్సిస్కోలో తమతోపాటు తిరగమనీ, ఒంటరి ఆడపిల్లవు, మేమున్నాం అనీ అన్నాడు. నాకు కళ్ళు చెమర్చాయి.

ఆ రైళ్ళలో భోజనాల పెట్టెకు ఒక పద్ధతి ఉంది. ఎక్కడ కూర్చోవాలో, ఎవరి పక్కన కూర్చోవాలో ప్రయాణికులు ఎంచుకోరు. బల్లకు నలుగురు, ఖాళీ ఉన్నచోట వచ్చినవాళ్ళను వచ్చినట్టు కూర్చోబెడతారు. ఆ సాయంత్రం వడ్డనల బాధ్యత చూస్తున్న నల్లజాతి స్త్రీ మమ్మల్ని ముగ్గురినీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టింది. బయట ఎడారి మీద పొద్దు ఎర్రగా వాలుతోంది. మా ముందు నిజమైన పింగాణీ కంచాలు, గుడ్డ పరిచిన బల్ల.

“డిబేట్ల గెలిచి అమెరికా అచ్చినవంటె మామూలు ముచ్చట గాదు బిడ్డ,” అన్నాడు సారు, రొట్టె తుంచుతూ. “మీ నాయిన ఏం జేస్తడు?”

“కోరుట్లల రైసు మిల్లు హమాలి సార్‌. అమ్మ బీడీలు చేస్తది.”

“కష్టపడి పైకచ్చినవన్నట్టు. గట్లనే ఉండాలె.” ప్రేమగా తల ఊపాడు. రొట్టెకు వెన్న రాశాడు. “ఎవలోల్లు బిడ్డ మీరు?”

నా రెప్పలు వాటంతటవే బరువెక్కాయి. ఇది అలంకారానికి అంటున్న మాట కాదు. నిజంగానే నిద్ర ముంచుకొచ్చింది. ఎన్ని పుస్తకాలు, ఎన్ని వేదికలు, ఎన్ని సముద్రాలు దాటినా ఆ ఒక్క ప్రశ్నకు నా శరీరం జగిత్యాల బస్సులోని పిల్లలాగానే జవాబిస్తోందని తెలిసి భయపడ్డాను. ఊరి పేరు మళ్ళీ చెప్పి నవ్వేయవచ్చు. కిటికీలోంచి ఏదో చూపించవచ్చు. చెప్తే పోయేదేమిటో నాకు స్పష్టంగా తెలుసు: ఈ భాష, ఈ నవ్వు, శాన్‌ఫ్రాన్సిస్కోలో మేమున్నామన్న మాట. ఆ దేశంలో నాకున్నది అదొక్కటే.

“మాదిగోల్లం సార్‌,” అన్నాను.

నవ్వు ఆయన మొహం మీదే ఉంది, మనిషి మాత్రం దాని వెనకనుంచి వెళ్ళిపోయాడు. “ఆఁ... మంచిది, మంచిది. గియ్యన్ని ఇప్పుడు ఎవలు పట్టించుకుంటున్నరు బిడ్డ,” అన్నాడు. నీళ్ళు తాగాడు. కంచం కేసి చూశాడు. అప్పుడే తెచ్చి పెట్టిన కోడికూర పొగలు కక్కుతోంది. “నాకెందుకో కడుపుల తిప్పుతున్నది,” అన్నాడు.

నా చెవులను నేను నమ్మలేకపోయాను. అది మా అమ్మ అబద్ధం. కిటికీ వైపు తిరగడానికి ఆమె దాచుకున్న ఒకే ఒక్క సాకు. మా నుంచి ఏమీ ముట్టనివాళ్ళు దాన్ని ఎప్పుడు తీసుకున్నారు?

ఆయన లేచి నిలబడ్డాడు. “రా, పోదాం,” అన్నాడు భార్యతో.

“తింటున్న గద,” అంది ఆమె.

“కడుపుల మంచిగ లేదంటున్న.”

“మంచిగ లేనిది నీకు గద. నాకు ఆకలైతున్నది. పొయ్యి పండుకో.”

ఆయన పడుకోవడానికి పోలేదు. తలుపు దగ్గర ఆ వడ్డన చూసే ఆమెతో ఇంగ్లీషులో ఏదో చెప్పాడు; ఆమె ఇటు మా బల్ల వైపు, తర్వాత ఆయన వైపు చూసి, బల్లలు ఎంచుకునే పద్ధతి ఇక్కడ లేదనీ, కావాలంటే అదిగో ఒకే ఒక్క చోటు ఖాళీగా ఉందనీ అంది. ఆ చోటుకు ఎదురుగా ఇద్దరు భారీ మనుషులు కూర్చుని తింటున్నారు. వాళ్ళ కంచాల్లో ఎర్రటి గొడ్డుమాంసం. ఏ మాంసం పేరు చెప్పి మా వాడకు ఆమడ దూరంగా నడిచారో ఆ మాంసం పక్కన, ఊరూ పేరూ తెలియని ఆ మనుషుల ముందు, సారు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. వాళ్ళకు చెయ్యి కలిపాడు. కాసేపటికి, అతిథిని దేవుడిగా చూసుకోవడం మా దేశ సంప్రదాయం అని ఆయన ఇంగ్లీషులో వాళ్ళకు చెప్తుండటం ఇక్కడికి స్పష్టంగా వినపడింది.

“సూడు,” అంది సారు భార్య నమలడం ఆపకుండా. “కడుపు గప్పుడే మంచిగైంది.”

నేను కంచంలోకి చూస్తూ కూర్చున్నాను. ఆమె నన్ను ఓదార్చలేదు. క్షమాపణ చెప్పలేదు. తన కంచం ఖాళీ చేసి, “మీ అమ్మ సకినాలల్ల నువ్వులు ఎక్కువేసింది. నూనె గుంజుతయ్‌. చెప్పు,” అంది.

“చెప్త అమ్మా.”

“గా కేకు తినవా?”

నేను ఒక ముక్క కొరికి వదిలేసిన కేకు. తల అడ్డంగా ఊపాను. ఆమె తన చెంచా పెట్టి, నేను కొరికిన వైపునుంచే తీసుకుని తింది. “షుగరని ఆయన ముంగట తిననియ్యడు,” అంటూ చివరి ముక్క దాకా తిని, మూతి తుడుచుకుని లేచి వెళ్ళిపోయింది.

దీన్నొక మంచి ముగింపుగా మలచుకోవాలని నాకూ ఉంది. కానీ మర్నాడు పొద్దున అద్దాల పెట్టెలో వాళ్ళిద్దరూ ఎదురైతే, సారు కొండలను చూస్తున్నాడు, ఆమె కూడా కొండలనే చూస్తోంది. నేను నమస్కారం పెట్టాను. ఇద్దరిలో ఎవరూ తిరగలేదు.

బాల్యం గురించి రాసేవాళ్ళు చివర్లో పోయినవాటి పేర్లు చెప్పి బాధపడతారు. నేనూ చెప్పగలను. మా వాడలో రేకుల పందిరి లేదు. బీడీల పని సన్నబడిపోయి అమ్మకు నెలలో సగం రోజులు చాట ఖాళీగానే ఉంటోంది. సిరిసిల్లలో పెద్దమ్మ ఇంటి పక్క షెడ్లలో కొన్నింటికి తాళాలు పడ్డాయి. ఇప్పుడక్కడ పసిపిల్లలు నిశ్శబ్దంలో నిద్రపోవడం నేర్చుకున్నారు. పెదనాయన లేడు. జగిత్యాల బస్టాండులో పల్లీల బండ్లు తగ్గాయి, రైలు కోరుట్ల దాకా వచ్చి అది దాటి కూడా పోతోంది. వీటిలో ఏది పోయినా నాకు దుఃఖమే. కానీ ఇన్ని పోయిన చోట, పోవలసిన ఆ ఒక్క ప్రశ్న మాత్రం పాస్‌పోర్టు తీసుకుని, సముద్రం దాటి, నాకంటే ముందే వచ్చి రైల్లో కూర్చుని ఉందన్న సంగతిని నా బుద్ధి ఇంకా ఒప్పుకోలేకపోతోంది.

రెనో స్టేషన్లో ఫోను సిగ్నలు దొరికింది. అక్కడ పొద్దున, మా ఊళ్ళో రాత్రి భోజనాల వేళ. అమ్మకు జరిగింది చెప్పాను.

“ఎందుకు చెప్పినవే?” అంది అమ్మ గాబరాగా. “గంత దూరం పొయ్యి, తోడు దొరికినోల్లను...”

“చెప్పాలనిపించింది అమ్మా.”

“చెప్పినంక ఏమన్నడు? తిట్టిండా?”

“తిట్టలే. లేసి పోయిండు.”

“ఎవలు, ఆయిన్నేనా?”

“ఔ. తినేది ఇడిసిపెట్టి ఆయిన్నే లేసి పోయిండు.”

“మరి నువ్వు?”

“నేను కూసోనే తిన్న.”

అవతలనుంచి ఒక నవ్వు వినపడింది. ముందు ముక్కుతో, తర్వాత గొంతుతో, చివరికి దగ్గు వచ్చి ఆపుకోలేనంతగా, మా అమ్మ నవ్వుతోంది. అట్లా నవ్వగా నేను ఎన్నడూ వినలేదు.

“ఇన్నేండ్ల సంది ఏడికి పోయినా మనమే లేసి పోయినం గదనే బిడ్డ,” అంది, ఊపిరి తీసుకుంటూ. “గాళ్ళు లేసి పోయింది నేను గిదే మొదలు ఇనుడు.”